వెలుగు కోసం తీసిన అద్దం

బొమ్మను ఆపడం ఇప్పుడు మీకు వేలితో పని. ఫోనులో ఏదో పరుగెడుతుంటుంది, బొటనవేలు ఆనిస్తారు, ఆగుతుంది. కావలసినంత సేపు చూసి మళ్లీ వదులుతారు. మా మనవరాలు అలా ఆపినప్పుడల్లా నా కుడిచేయి నాకు తెలియకుండానే లేని స్విచ్ కోసం తడుముతుంది. అది చూసి ఆ పిల్ల నవ్వుతుంది. ఎందుకు తడుముతుందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతాను. ఉద్యోగంలో చేసిన మంచి పనులను రిటైర్మెంటు సభలో ఎవరో ఒకరు ఎలాగూ పొగుడుతారు. చెడగొట్టిన పని మాత్రం ఎవరిది వాళ్లే చెప్పుకోవాలి.

నేను సర్కారు ప్రచార శాఖలో సినిమా ఆపరేటరుని. జనగామ ఆఫీసు. ఒక వ్యాను, ఒక తెర, ఒక జనరేటరు, పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము నడిపే మిషను ఒకటి. వాటితో ఊరూరా తిరిగి బహిరంగంగా ఆటలు వేసేవాళ్లం. మా సినిమాల్లో హీరో ఉండడు, పురుగుమందు ఉంటుంది. హీరోయిన్ ఉండదు, టీకా వేసే నర్సు ఉంటుంది. అయినా రఘునాథపల్లి అవతలి పల్లెల్లో గోనెసంచులు పరుచుకుని మరీ చూసేవారు. సినిమాలో మాట్లాడే ఆయన తెలుగు మా వాళ్లకు సగమే ఎక్కేది. "ఆయన రేడియోల లెక్క మాట్లాడుతుండు, నువ్వు చెప్పు బాపు," అని ముసలమ్మలు నన్నే అడిగేవారు. నేను శబ్దం తగ్గించి మా మాటలో చెప్పేవాణ్ణి. అట్లా నాకు కొంచెం పేరొచ్చింది, పేరుతోపాటు కొంచెం తలపొగరు కూడా.

ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్లకు మా వ్యాను గేరుబాక్సు పోయింది. వరంగల్ రోడ్డు మీద ఉన్న ఒక గ్యారేజీలో పెట్టాం. దాని యజమానిని ఊరంతా ఉస్తాద్ అనేది, నేనూ అదే అంటాను. సన్నటి మనిషి, గోళ్ల చుట్టూ నల్లని గ్రీజు, ఎప్పుడూ చెవి మీద ఒక పెన్సిలు. వ్యాను కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చి, లోపల ఉన్న మిషన్ని చూసి, చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"సాబ్, గిది పదహారు మిల్లీమీటర్లదే గద?"

"అవును ఉస్తాద్."

"నా కాడ ఒక రీలున్నది. ఏండ్ల సంది డబ్బాల్నే ఉన్నది. చూపెట్ట మిషన్ లేదు. జర నడిపిస్తవా?"

ఆ సాయంత్రం గ్యారేజీ గోడకే సున్నం కొట్టించి నడిపాను. పదకొండు నిమిషాల రీలు, నలుపు తెలుపు, శబ్దం లేదు. మద్రాసుకు ఆవల యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసి వదిలేసిన సిమెంటు పట్టీ మీద ఒక మోటారు రేసు. ముక్కు గుండ్రంగా ఉండి, పైకప్పు లేని కార్లు. వాటి మీద సున్నంతో రాసిన నంబర్లు. మలుపుల దగ్గర గడ్డి మోపులు పేర్చారు. గొడుగులు పట్టుకున్న జనం, ఇనుప డ్రమ్ము ఎక్కి కూర్చున్న పోలీసు. ఒక కుక్క తీరుబడిగా పట్టీ దాటుతుంది, వెనకే మూడు కార్లు దూసుకువస్తాయి. కార్ల తర్వాత మోటారు సైకిళ్లు. శబ్దం లేని లోటు ఉస్తాద్ తీర్చాడు. ఏ బండి వస్తే ఆ బండి చప్పుడు నోటితో చేశాడు. గేరు మారిస్తే గొంతు మారేది, మలుపు దగ్గర తగ్గేది, మళ్లీ లేచేది. నాకు మొదట నవ్వొచ్చింది. నాలుగో నిమిషానికి ఆ కుక్క బతకాలని కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

చివరలో పదిహేడో నంబరు మోటారు సైకిలు వచ్చి ఆగుతుంది. నడిపిన మనిషి ముఖం అంతసేపూ కళ్లద్దాల పట్టీ కింద, మసి కింద దాగి ఉంటుంది. ఇప్పుడు బండి దిగి, చెయ్యి అడ్డం పెట్టి ఆ పట్టీ పైకి లాగుతాడు. చెయ్యి తొలగుతుంది. కళ్ల చుట్టూ మాత్రం తెల్లగా, మిగతా ముఖమంతా నల్లగా. మనవైపు చూసి నవ్వుతాడు. రెండు సెకన్లు. తర్వాత ఎవరో పిలిచినట్టు అటు తిరిగిపోతాడు. అక్కడికి రీలు అయిపోతుంది.

"మా అన్న," అన్నాడు ఉస్తాద్. అంతే అన్నాడు.

మిగతాది తర్వాత కొద్దికొద్దిగా తెలిసింది. అన్నదమ్ములిద్దరూ మద్రాసులో ఒక వర్క్‌షాపులో పని చేసేవారు. ఆ షాపు యజమానికి రేసుల పిచ్చి. అన్న బండి నడిపితే, ఇరవై ఏళ్ల తమ్ముడు ఆ బండిని తయారుచేసేవాడు. రీలు తీసిన మరుసటి ఏడు అదే పట్టీ మీద, అదే మలుపులో అన్న పోయాడు. టైరు జారిందన్నారు. అది తెలంగాణ తొలి ఉద్యమం ఏడాది, అరవై తొమ్మిది. ఇక్కడ రైళ్లు ఆగిపోయి ఉన్నాయి. టెలిగ్రాం ఐదో రోజుకు అందింది, శవం రావడానికి దారే లేదు. అక్కడే మట్టి చేశారు. జనగామలో ఉన్న భార్య కడచూపు చూడలేదు. అప్పుడామె కడుపుతో ఉంది, మూడు నెలలకు ఆడపిల్ల పుట్టింది. ఉస్తాద్ మద్రాసు వదిలి వచ్చి, గ్యారేజీ పెట్టుకుని, వదినను, ఆ పిల్లను సాకాడు. తను పెళ్లి చేసుకోలేదు. వర్క్‌షాపు మూసేస్తూ యజమాని పంపించిన రీలే ఇది.

"భాభీకి చూపెట్టినవా?" అని అడిగాను.

"అడిగిన సాబ్. 'ఆయన నడిచింది ఉంటె సూపెట్టు. ఆయన ఉర్కింది నాకొద్దు' అన్నది. బిడ్డకు కూడ సూపెట్టొద్దని ఒట్టేయించుకున్నది."

అట్లా ఆ రీలుకు చూసేవాళ్లం మేమిద్దరమే మిగిలాం. వ్యాను రిపేరుకు వచ్చినప్పుడల్లా ఒక ఆట. పదిహేనేళ్లలో ఇరవై సార్లకు తక్కువ చూడలేదు. స్కూటర్ మీద రెండో గేరు దాటని నేను, ఏ మలుపులో ఎవడు ఎవణ్ణి దాటతాడో నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి. ఉస్తాద్ అంతటితో ఆగేవాడు కాదు. హైదరాబాద్ పాతసామాన్ల బజారుకు పోయి, ఇంకేదైనా రేసు దొరుకుతుందేమోనని డబ్బాలకు డబ్బాలు పాత రీళ్లు మోసుకొచ్చేవాడు. ఆశగా మిషనుకు ఎక్కిస్తే వాటిలో కుటుంబ నియంత్రణ వచ్చేది, లేకపోతే మేలుజాతి ఎద్దులు. "అరె సాబ్, గీ ఎద్దు కూడ మలుపు మంచిగనే కొట్టింది," అనేవాడు. ఒక్కసారి మాత్రం ఏదో పరాయి దేశపు సముద్రపు ఒడ్డు ఊళ్లో, ఇళ్ల మధ్య వీధుల్లో కార్లు పరుగెత్తే ముక్క దొరికింది. దాన్ని ఒకే రోజు ఆరు సార్లు వేయించుకున్నాడు.

అన్న నవ్వే చోట ఒక బొమ్మను ఫోటోగా తీయిద్దామని నేను రెండు మూడు సార్లు అన్నాను. ఫిల్ము అక్కడ కత్తిరించి ఇవ్వాలన్నాడు స్టూడియో ఆయన. "అన్నను కత్తిరిస్తనా సాబ్?" అని రీలు డబ్బా మూత పెట్టేశాడు ఉస్తాద్. నేను గట్టిగా పట్టుబట్టాల్సింది.

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. మిషనులో దీపానికీ ఫిల్ముకూ మధ్య వేడిని ఆపే అద్దం ఒకటి ఉంటుంది, రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. ఫిల్ము పరుగెడుతున్నంత సేపు దానితో పెద్ద పని లేదు, ఏ బొమ్మా దీపం ముందు నిలవదు గనక. ఆటను మధ్యలో ఆపితేనే దాని అవసరం. అది లేకుండా ఆపితే దీపం వేడికి ఫిల్ము ఉడికిపోతుంది. అయితే ఆ అద్దం వెలుగును కూడా కొంత తినేస్తుంది. ఆరుబయట, వెన్నెల్లో, వీధి దీపాల పక్కన ఆటలేసే మాలాంటి వాళ్లకు ఆ కొంతే ప్రాణం. అందుకని ఆపరేటర్లలో చాలామంది దాన్ని తీసి జేబులో వేసుకునేవారు. నేను మొదట్లో తీయలేదు. రూలు రూలే అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఉస్తాద్ ఏదో పాత మోటారు సైకిలు విప్పుతూ అన్నాడు: "రేసు బండంటే పెట్టుడు కాదు సాబ్, తీసుడు. ఒక్కొక్కటి తీసుకుంట పోవాలె. తీసినకొద్ది ఉర్కుతది. గాని యాడ ఆగాల్నో ఎరుకుండాలె." అని, చేతిలో స్పానరు పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఆ చివరి మాట నేను వినిపించుకోలేదు. మొదటి మాట మాత్రం బాగా నచ్చింది. మరుసటి వారమే రెండు స్క్రూలు విప్పి అద్దం తీసేశాను. ఆ నెల నుంచి ఉమ్మడి జిల్లాలో నా తెరే అన్నిటికన్నా తెల్లగా ఉండేది. రేగొండలో ఒక సర్పంచు, "గీ ఆపరేటరొస్తె పున్నమొచ్చినట్టుంటది," అన్నాడు. ఆ మాట పదిమందికీ చెప్పుకున్నాను. ఆటను మాత్రం మధ్యలో ఎప్పుడూ ఆపేవాణ్ణి కాదు. దేవుని మీద ఒట్టులాగా పాటించాను.

తర్వాత కాలం మారింది. డిస్కులొచ్చాయి, చేతిలో రిమోటు వచ్చింది. ఫిల్ము మిషను స్టోరు రూములో పాత బ్యానర్ల కింద పడుకుంది. డాక్టరో వ్యవసాయాధికారో "ఆపు" అంటే మీట నొక్కడం, "నడుపు" అంటే మళ్లీ నొక్కడం. పదేళ్లు అదే పని. చెయ్యి కొత్త అలవాటు నేర్చింది. పాత ఒట్టు మరిచిపోయింది.

ఇక మలి ఉద్యమం, సర్కారు నౌకర్లందరం పని బంద్ చేసిన సమ్మె. జనగామ చౌరస్తాలో టెంటు వేసి కూర్చున్నాం. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే బతుకమ్మ ఆటలు. భూపాలపల్లిలో బొగ్గుబాయిల వాళ్లు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మా టెంటుకు పెద్ద, తహసీలు ఆఫీసులో టైపిస్టు. మేమంతా అక్క అనేవాళ్లం. ఆఫీసు తాళాలన్నీ ఆమె కొంగుకే ఉండేవి. తాళం ముట్టినవాడు ద్రోహి అని మొదటి రోజే అందరి చేత అనిపించింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఉస్తాద్ ఆటోలో టెంటు దగ్గరికి వచ్చాడు. షుగరుతో కాలు చెడి, మోకాలి దాకా కట్టు ఉంది. ఒళ్లో రీలు డబ్బా. మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. పులిసిన వాసన కొట్టింది. పాత ఫిల్ము కుళ్లడం మొదలైతే వచ్చే వాసన అది.

"పోతున్నది సాబ్. నేను కూడ గంతే. కాలు తీయాల్నంటున్నరు, రైళ్లు నడిస్తె హైదరాబాద్ దవాఖానకు పోవాలె."

"రైళ్లు నడవనీ ఉస్తాద్, సమ్మె ఒడువనీ. తీరుబడిగ వేసుకుందాం."

"బిడ్డ వచ్చింది సాబ్."

అప్పుడు విషయం చెప్పాడు. అన్న బిడ్డ మహబూబాబాద్‌లో ఉంటుంది, అక్కడే ఇచ్చారు. చిన్నాయన కాలు సంగతి విని చూడటానికి వచ్చింది. వచ్చిన మర్నాడే రైల్ రోకో మొదలైంది, బస్సులు ఎటూ లేవు, ఆగిపోయింది. వాళ్లమ్మ కిందటేడు చనిపోయింది. ఒట్టు ఆమెతోనే పోయింది. రైళ్లు కదిలితే బిడ్డ ఇటు, తను అటు. దవాఖాన నుంచి తిరిగి వస్తాడో లేదో, వచ్చేదాకా రీలు ఉంటుందో లేదో. బిడ్డ తండ్రిని చూడాలంటే ఈ రెండు రోజులే.

నేను అక్క దగ్గరికి పోయాను. "అక్కా, ఒక్క గంట స్టోరు తాళం తియ్యాలె."

"ఏందన్నా, గిన్ని దినాల సంది ఎండకు వానకు కూసున్నం. నువ్వు తాళం తీస్తనంటవా?"

సంగతంతా చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "గా పిల్ల పుట్టినసంది తండ్రి మొకమే చూల్లేదా?"

"ఎట్ల చూస్తదక్కా. అప్పుడు కూడ రైళ్లు బందే."

అక్క కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తర్వాత లేచింది. "పా. తాళం నేనే తీస్త, నేనే ఏస్త. ఎవలన్న అడిగితె నన్ను అడుగుమను. గది సర్కారు పని కాదు."

మా వ్యాను డ్రైవరు, నేను కలిసి మిషన్ని తోపుడు బండి మీద పెట్టి తోసుకుంటూ పోయాం. టెంటులో వాళ్లు ఊరుకుంటారా? "సమ్మెల సిన్మా నడుపుతున్నరు, మాకు టికెట్లు లేవా?" అని ఒకరు. "ఆపరేటరన్న పెద్దపులి తీరుగ కూసుంటె సమ్మె అనుకున్నం, పనికి ఎగబడుతుండు," అని ఇంకొకరు. డ్రైవరు తల తిప్పకుండా, "ఎద్దుల సిన్మారా నాయినా, నువ్వే హీరోవి," అని జవాబిచ్చాడు. అందరం నవ్వాం. ఆ రోజు నేను నవ్వింది అదే ఆఖరు.

గ్యారేజీలో షట్టరు దించి, సందులకు గోనెసంచులు కుక్కి చీకటి చేశాం. ఎంత చేసినా పట్టపగలు, రేకుల సందుల నుంచి వెలుగు దూరుతూనే ఉంది. మిషన్ని శుభ్రం చేసి, నూనె వేసి, ఉన్న ఒక్క దీపాన్ని బిగించాను. ఎండిపోయిన ఫిల్మును వేళ్లతో నిమురుతూ పళ్లచక్రాలకు ఎక్కించాను. అన్నీ చూశాను. రెండు ఖాళీ స్క్రూ కంతలను మాత్రం చూడలేదు. చూసినా అవి నాకు మామూలుగానే కనిపించి ఉంటాయి.

అన్న బిడ్డ స్టూలు మీద కూర్చుంది. నలభై దాటిన మనిషి, తలమీద కొంగు, మెడలో బట్టలు కుట్టేవాళ్ల కొలత టేపు. దాన్ని మహబూబాబాద్ నుంచి అట్లాగే వేసుకొచ్చినట్టుంది.

"అన్నా, మా అబ్బాజాన్‌కు గప్పుడు ఇరువై నాలుగేండ్లట," అంది. "నాకు గంత కొడుకున్నడు. ఆయనను చూస్తె నాకు ఏమనిపిస్తదో ఏమో. భయమైతున్నది."

పన్నెండు గంటలకు కరెంటొచ్చింది. నడిపాను. గోడ మీద వెలుగు పడగానే ఉస్తాద్ కుర్చీలో ముందుకు జరిగాడు. "క్యా రోష్నీ హై సాబ్! పగటీలి గూడ గింత వెలుగా!" నా ఛాతీ ఉబ్బింది. పదేళ్లు పడుకున్న మిషను అది, దాన్ని నడిపేది నేను. అంత వెలుగు ఎక్కడిదో అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

కార్లు వచ్చాయి. గడ్డి మోపులు, గొడుగులు, కుక్క. ఉస్తాద్ నోటితో చప్పుళ్లు మొదలుపెట్టాడు. గొంతులో మునుపటి సత్తువ లేదు, మధ్యలో దగ్గు వచ్చేది, అయినా ఏ బండినీ వదల్లేదు. పదిహేడో నంబరు కనిపించగానే మాత్రం చప్పుడు మానేసి, "గదే, గదే బేటీ," అన్నాడు. ఆమె ఎడమ చేత్తో చిన్నాయన భుజం పట్టుకుంది. బండి ఆగింది. మనిషి దిగాడు. చెయ్యి పైకి లేచింది, కళ్లద్దాలు పైకి పోయాయి, చెయ్యి తొలగింది. నవ్వాడు.

"జర ఆపన్నా," అంది ఆమె.

ఆపాను. పదేళ్లుగా ఎవరు ఆపమన్నా ఆపిన చెయ్యి, ఆపింది.

ఒక్క క్షణం ఆ ముఖం గోడ మీద నిలిచింది. ఆమె స్టూలు మీద నుంచి సగం లేచింది. అంతలో నవ్వు మధ్యలో గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టి, పాలు పొంగినట్టు పొంగి, నలుదిక్కులకూ పాకింది. నడిమిట్ల తెల్లని బొక్క పడింది. అప్పుడు చేయాల్సిన పని ఒకటే, దీపం ఆర్పడం. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేర్పే పాఠం అది. నేను దీపం ఆర్పలేదు. ఆ ముఖాన్ని మళ్లీ ఆమెకు తెచ్చివ్వాలన్న ఆత్రంలో, చేతితో తిప్పే మరను పట్టుకుని ఒక బొమ్మ ముందుకు తిప్పాను. ముఖం వచ్చింది. కాలింది. మళ్లీ తిప్పాను. వచ్చింది, కాలింది. ఎన్నిసార్లు తిప్పానో నాకు తెలియదు. ఆ ముఖం కోసం వెతుకుతూ ఆ ముఖాన్నే ఒక్కొక్కటిగా కాల్చాను. నాలుగో ఐదోసారికి ఎండిన ఫిల్ము పళ్లచక్రం దగ్గర ముక్కలు ముక్కలుగా విరగడం మొదలైంది, అయినా తిప్పుతూనే ఉన్నాను. చివరికి కట్టుకాలితో కుంటుతూ వచ్చి దీపం ఆర్పింది ఉస్తాద్.

చీకట్లో కాలిన వాసన ఒక్కటే మిగిలింది. డ్రైవరు పోయి షట్టరు ఎత్తాడు. వెలుతుర్లో ఫిల్ము తీసి చూశాను. చెయ్యి అడ్డం ఉన్న బొమ్మలు బాగున్నాయి. అటు తిరిగిపోయిన వీపు బొమ్మలు బాగున్నాయి. నడుమ ఉన్నది పోయింది.

ఉస్తాద్ మిషన్ మీదికి వంగాడు. మెకానిక్ కన్ను గదా, ఎక్కడ చూడాలో అక్కడే చూసింది. ఖాళీ చట్రం మీద వేలు పెట్టాడు. "సాబ్, గీడ ఏదో ఉండాలె గద?"

నేను విరిగిన ఫిల్ము ముక్కలు ఏరుతూ, "లేదు ఉస్తాద్. కంపెనీ నుంచే గట్ల వచ్చింది. పాత ఫిల్ము గద, ఆపితె కాలుతది," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. రెండు స్క్రూ కంతలున్న చట్రం కంపెనీ నుంచి ఖాళీగా రాదని ఆయనకు తెలియకుండా ఉంటుందా? "అచ్ఛా," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. ఆమె మాత్రం కొలత టేపు రెండు చేతులతో పట్టుకుని, గోడవైపే చూస్తూ, "నవ్విండు గదా చాచా," అని రెండుసార్లు అంది. నేను మిషను సర్దుకుని, తోపుడు బండి తోసుకుంటూ వచ్చేశాను. అక్క తాళం వేస్తూ, "చూసిందా?" అని అడిగింది. "చూసిందక్కా," అన్నాను.

రైళ్లు నడిచాయి. ఉస్తాద్‌కు కాలు తీశారు. రెండు నెలలకు ఆయన పోయాడు. మట్టికి వెళ్లాను గాని, అన్న బిడ్డ ఉన్నవైపు వెళ్లలేకపోయాను. సమ్మె అప్పటికే ముగిసింది, కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది. అందరితోపాటు రంగులు చల్లుకున్నాను, మిఠాయిలు పంచాను. కొత్త జిల్లాలు అయ్యాక నన్ను భూపాలపల్లికి వేశారు. అక్కడే రిటైరయ్యాను. ఫిల్ము మిషన్ని అప్పటికే పాత ఇనుము కింద అమ్మేశారు.

చార్జి అప్పగించే రోజు, పాతికేళ్లుగా నాతో తిరిగిన రేకుపెట్టె ఖాళీ చేస్తుంటే, అడుగున పేపరు పొట్లం దొరికింది. విప్పితే అద్దం. గీత కూడా పడలేదు. పేపరు మీద నా రాతే: "మళ్లీ పెట్టాలి."

మర్నాడు ఆ పొట్లం జేబులో వేసుకుని మహబూబాబాద్ బస్సెక్కాను.

స్టేషను దగ్గర సందులో ఆమెకు కుట్టు దుకాణం ఉంది. నన్ను గుర్తుపట్టింది. కుర్చీ వేసి, చాయ తెప్పించింది. నేను చాయ ముట్టకుండా పొట్లం విప్పి కుట్టుమిషను బల్ల మీద పెట్టాను. మొత్తం చెప్పాను. వెలుగు కోసం తీయడం, మరిచిపోవడం, అబద్ధమాడటం. "నువ్వు ఆపమన్నందుకు కాలలేదమ్మా. నేను తీసినందుకు కాలింది," అన్నాను.

"ఎరుకే అన్నా," అంది.

"ఎట్ల?"

"గా దినమే చెప్పిండు చాచా. నేను ఏడుస్తున్న. అన్నం ముట్టలే. నా నోటితోని ఆపుమన్న, మా అబ్బాజాన్ కాలిపోయిండు అని. నువ్వు గట్లనే అంటివి గదా, ఆపితె కాలుతదని. చాచా చూసి చూసి, ఇగ చెప్పిండు. నీ తప్పు కాదు బేటీ, గా మిషన్ల ఒక అద్దం ఉండాలె, ఆయన తీసిండు అన్నడు."

నేను తల దించుకున్నాను. ఆమె అద్దాన్ని చేతిలోకి తీసుకుంది.

"నాకు కోపమొచ్చింది అన్నా. నీ దగ్గరికొచ్చి నిన్ను నిలదీస్తనన్న. గప్పుడు ఇంకోటి చెప్పిండు. ముందు చక్రానికి, టైరు జారకుంట పట్టే బోల్టులు రెండుంటయట. రేసుకు ముందు, బరువు తగ్గుతదని చాచా ఒకటి తీసిండట. మా అబ్బాజాన్‌కు గూడ చెప్పలేదట. టైరు జారిందని అందరు నసీబ్ అనుకున్నరు. మా అమ్మకు చెప్పలే. ఎవ్వలకు చెప్పలే. నలభై ఏండ్లు."

బయట రైలు వచ్చినట్టుంది, జనం సందులో నుంచి పోతున్నారు. వాళ్లు పోయేదాకా ఆగి, ఆమె మళ్లీ అంది:

"'ఆపరేటర్ సాబ్‌ను ఏమనకు బేటీ' అన్నడు. 'ఆయన వెలుగు కోసం తీసిండు, నేను వేగం కోసం తీసిన. ఆయన కాల్చింది బొమ్మనే' అన్నడు."

నా అబద్ధం ఆ బిడ్డ మీద పడింది. దాన్ని ఆమె మీద నుంచి తీయడానికి, ఆ మనిషి నలభై ఏళ్లు దాచుకున్నదాన్ని బయట పెట్టాల్సి వచ్చింది. నేను ఒక్క నిజం చెప్పి ఉంటే ఆయన దాన్ని తనతోనే తీసుకుపోయేవాడు. ఆ సంగతి తెలిసి వచ్చాక కూడా, అడగకుండా ఉండలేకపోయాను.

"మరి నువ్వేమన్నవమ్మా, చాచాను?"

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "ఏమంట అన్నా," అంది. "పొద్దటి సంది ఆయన గూడ ఏం తినకపాయె. ఇద్దరికి అన్నం పెట్టిన."

తర్వాత అద్దాన్ని కొంగుతో తుడిచి, అదే పేపరులో చుట్టి నా చేతికిచ్చింది. ఇప్పుడు అది మా ఇంట్లో నా పెట్టెలోనే ఉంది, "మళ్లీ పెట్టాలి" అని రాసిన ఆ పేపరుతో సహా. పెట్టడానికి ఆ మిషను లేదు.